నిలిచేది ఇటు, కుంగేది అటు

ఫోను వచ్చినప్పుడు నేను రామగుండం స్టేషను ముందు టీ తాగుతున్నాను. మా గల్లీలో కిరాణం నడిపే తమ్ముడు చేశాడు.

"అక్కా, కాక పోయిండు."

"ఎప్పుడు?" అని అడిగాను. తెల్లవారుజామున, దవాఖానలో అన్నాడు. "వయసెంత?" అని అడిగాను.

"నీకెరుకే గదక్కా" అన్నాడు.

ఎరుకే. ఏళ్ల తరబడి పేపరుకు మరణవార్తలు రాసినదాన్ని, నా నోరు ఒక ప్రశ్న తర్వాత ఇంకో ప్రశ్న దానంతటదే అడుగుతుంది. టీ మొత్తం తాగాను. డబ్బులిచ్చాను. గల్లీకి వచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రాలేదు. కనుక ఇందులో కన్నీళ్లు ఉండవు. నాకు తెలిసిన సంగతులు మాత్రం ఉంటాయి.

కాక నాకు చుట్టం కాడు. మా రెండిళ్లకు మధ్య ఒకే గోడ. గల్లీలో అందరూ ఆయన్ని కాక అనేవాళ్లు, ఆయనకంటే పెద్దవాళ్లు కూడా. ఒకసారి నేను ఆయన గురించి వార్త రాయబోతే, "గల్లి సంగతి రాయి, నా పేరు ఎందుకు?" అన్నాడు. అందుకే ఇక్కడా పేరు రాయడం లేదు.

కాక బొగ్గుబాయిలో ఇసుక నింపే పని చేసి రిటైరయ్యాడు. బొగ్గు తీసిన చోట కింద ఖాళీ మిగులుతుంది. అలాగే వదిలేస్తే పైకప్పు దిగుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్లలో కలిపి గొట్టం గుండా కిందికి పంపి, ఆ ఖాళీని నింపుతారు. దానికి ముందు వెదురు తడకలు అడ్డంగా కడతారు. నీళ్లు తడకలోంచి కారిపోతాయి, ఇసుక లోపల ఉండిపోతుంది. చదువుతున్న మీలో సగం మందికి ఇది నాకంటే బాగా తెలుసు. మిగతా సగం కోసం రాస్తున్నాను. ఇది తెలియకపోతే మా గల్లీ చెత్త సంగతి అర్థం కాదు.

తడకలు కట్టడం కాక పని. "నీళ్లకు తొవ్వ ఇయ్యి బిడ్డా, ఇసుక దానంతటదే కూసుంటది" అనేవాడు. ఈ మాట బాయి గురించే అనుకోకండి. మొగుడూ పెళ్లాం కొట్లాడుకుని వచ్చినా ఇదే చెప్పేవాడు. మా పేపరు డెస్కులో నాకు గొడవైనప్పుడూ ఇదే చెప్పాడు. ఇంకో మాట కూడా ఉండేది: "నింపంగనే నిండినట్టు కాదు. కుంగినంక సూడాలె." నా ఉద్యోగం పర్మనెంటయిందని స్వీట్లు తీసుకెళ్తే ఆ మాట అన్నాడు. స్వీటు మాత్రం తిన్నాడు.

ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు పైకప్పు చూసేవాడు, తర్వాతే మనుషుల్ని. గోడయినా, డబ్బా అయినా, తలుపయినా వేలి కణుపుతో కొట్టి, తల వంచి చప్పుడు వినేవాడు. కింద పనిచేసినవాళ్ల అలవాటు అది. ఆయన భార్యను మేమంతా చిన్నమ్మ అంటాం. ఆమె నోరు ఊరుకునేది కాదు.

"పెండ్లికి పోతె పిల్లను సూడడు, టెంటు కట్టెలు సూస్తడు" అనేది. "ఊరి కిందున్న గుంతలన్ని నింపిండట. ఇంట్ల ఉప్పు డబ్బ ఒక్కనాడన్న నింపిండా అడుగు."

"రూఫూ మా ఇంటామె ఒక్క తీరే బిడ్డా" అనేవాడు కాక. "సప్పుడు చేస్తున్నంత సేపు ఫికర్ లేదు. బంద్ అయిందనుకో, ఉరుకాలె."

మున్సిపాలిటీ వాళ్లు ఇంటికి రెండు డబ్బాలు ఇచ్చినప్పుడు, ఆకుపచ్చ దాంట్లో మా గల్లీ నీళ్లు పట్టింది. నీలి దాంట్లో ఉల్లిగడ్డలు పోసింది. మా ఇంట్లో కూడా అంతే. తర్వాత ఒకరోజు మున్సిపాలిటీ నుంచి ఒకావిడ వచ్చి నల్లా దగ్గర అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది: తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, రెండూ కలపొద్దు. ఆమె ఇంకా వివరించబోతుంటే, ముందు వరసలో ఉన్న రిటైరయిన కార్మికులు తలలాడించారు. తెలిసిన సంగతే అన్నట్టు. ఆమె ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయాను. మిగతా వాడల్లో ఇదే మాట మీద పెద్ద రభస జరుగుతోంది. ఎండిపోయిన రొట్టె పొడి చెత్తా, తడిసిన కవరు తడి చెత్తా అని జనం కొట్లాడుకుంటున్నారు. మా గల్లీలో ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

తెల్లారి నుంచి కాక ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. తడి, పొడి అనే మాటలు ఆయన వాడలేదు. "నిలిచేది ఇటు, కుంగేది అటు" అన్నాడు. నిలిచేది నీలి డబ్బాలోకి, కుంగేది ఆకుపచ్చ దాంట్లోకి. గల్లీకి ఆ మాటలు వెంటనే పట్టాయి. చెత్త ఆటో వచ్చే ముందు కాక ప్రతి గేటు దగ్గర ఆగి నీలి డబ్బాను వేలి కణుపుతో కొట్టేవాడు.

"ఇదేందే, బోలు సప్పుడు అస్తున్నది? లోపట ఖాళీ ఉన్నది."

"కాకా, సీసలున్నయి. సీసల లోపట ఖాళీ ఉండదా?"

"పలగ్గొట్టు. ఖాళీ ఉంచొద్దు. పాలపాకిట్లు కడిగి ఆరేసినవా?"

"కడిగిన. జెర తడున్నది."

"ఆరినంకనే ఎయ్యి. నీళ్లుంటె కుంగుతది."

కొన్నాళ్లకు మా గల్లీ దండేల మీద పాలపాకెట్లు బట్టలతో పాటు క్లిప్పులకు వేలాడాయి. ఆటో డ్రైవరు మా గల్లీలో బండి ఆపి కాళ్లు చాపుకునేవాడు. ఏరే పని లేదు, గద్దించే పని లేదు అనేవాడు. ఈ గల్లీ గురించి ఒక మంచి కథనం రాయాలనుకున్నాను. వాడల్లో చెత్త మీద అవగాహన లేదని వారానికోసారి రాస్తున్నాం కదా, ఉన్నచోట ఉందని కూడా రాయాలి. కానీ ఆటో డ్రైవరు చెప్పింది ఒక్కటే రాస్తే సరిపోదు. చెత్త చేరే చోట అడగాలి.

చెత్త ఏరే షెడ్డు మూతబడిన పాత బాయికి ఆనుకుని ఉంది. రేకుల కప్పు, పక్కన కంచె, ఆ వెనక బాయి మూతి. లోపల కొందరు ఆడవాళ్లు ప్లాస్టిక్కు ఏరుతున్నారు. వాళ్లకు పెద్దలా ఉన్న ఆమెను అడిగాను. అప్పటి నుంచి ఆమె మాకు షెడ్డక్క.

"ఆ గల్లీనా?" అంది. "ఆ ఆటో అచ్చిందంటె మాకు కడుపు నిండినట్టే అక్కా. ఏది సూసినా కడిగి పంపుతరు. బొక్కలు గూడ కడిగి పంపుతరు."

"బొక్కలా? ఎముకలా?"

"యాట బొక్కలు. సోమారం పొద్దుగాల రా, సూద్దువు. మా షెడ్డు ముంగట కుక్కలు లైన్ కడ్తయి."

వెనకనుంచి ఒకామె అంది: "కొబ్బరి చిప్పలు చెప్పవేందే? పెంకలు? మొన్న రోలు ముక్క అచ్చింది. ఎవలదో ఇల్లు కూలగొట్టి డబ్బాల ఏసిన్రేమో అనుకున్న."

"కాగిదాలు రావు మల్ల" అంది షెడ్డక్క. "ఒక్క కాగిదం, ఒక్క అట్ట రాదు. గవన్ని ఆ పచ్చ డబ్బాల పోయి ఎరువు గుంతల పడ్తున్నయి. ఎవలు చెప్పిన్రు అక్కా వాళ్లకు?"

ఆమె కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఏమైందని అడిగాను. "మీ గల్లి సీసలే" అంది. "సన్నగ పలగ్గొట్టి సంచిల కుక్కి పంపుతరు గద, పట్టంగనే దిగింది."

సాయంత్రం కాక ఇంటి ముందు గద్దె మీద కూర్చున్నాడు. కోపంతో కాదు, తెలుసుకోవడానికే అడిగాను: బొక్కలు నీలి డబ్బాలో ఎందుకు?

"బొక్క నిలుస్తది" అన్నాడు. "కాగిదం నిలుస్తదా? తడి తాకంగనే కుంగుతది. తెల్వక అడుగుతున్నవా?"

"నిలిచి ఏం చెయ్యాలె కాకా?"

నా వైపు వింతగా చూశాడు. అప్పుడు చెప్పాడు. మా గల్లీ చెత్త పాత బాయిలోకి పోతోంది. ఇసుక చాలనిచోట దాంతో నింపుతున్నారు. అందుకే తడిని, పొడిని వేరు చెయ్యమన్నారు. తడి కలిస్తే కుళ్లుతుంది, కుళ్లితే దిగుతుంది, పైన మళ్లీ ఖాళీ వస్తుంది. గట్టిదే నిలుస్తుంది. దాన్ని సందు లేకుండా కుక్కాలి.

"నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పాలె? పొద్దుగాల ఆటో ఎటు పోతది? బాయి దిక్కు. వాపసు ఎట్ల అస్తది? ఖాళీగ. మల్ల వాళ్లే అంటిరి, తడి వేరు పొడి వేరు అని. ఇందుల తెల్వనిదేమున్నది?"

చూసినవీ విన్నవీ మూడు, వాటిని కలిపితే ఒక నిర్ధారణ. నా వార్తలు కూడా చాలావరకు ఇలాగే తయారవుతాయి.

మర్నాడు మరో నలుగురిని అడిగాను. అందరికీ అదే తెలుసు. బాయిలో పనిచేసినవాళ్లకు తడి, పొడి వేరుచేయడానికి ఇంకో కారణం ఎలా తోస్తుంది? తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. "నువ్వు పేపర్ల రాస్తలేవేందని మేమే అనుకున్నం" అని కిరాణం తమ్ముడు అన్నాడు.

కాకకు ఇది ఎందుకు ముఖ్యమో కూడా అప్పుడే తెలిసింది. ఆయన పనిచేసిన బాయి అదే. కింద తాను తడక కట్టిన చోటు మా గల్లీ దాకా వస్తుందని ఆయన లెక్క. ఇసుక ఎంత నింపినా నీళ్లు దిగాక కొంచెం కుంగుతుంది, పైన జానెడు సందు మిగులుతుంది, అది ఎవరి తప్పూ కాదు అన్నాడు. ఆయన ఇంటి వెనక గోడకు సన్నటి బీట ఉంది. దానికి అడ్డంగా సిమెంటు బొట్టు పెట్టి, పగులుతుందేమోనని రోజూ చూసేవాడు. సర్వే పనిలో ఉన్న ఒకాయన్ని అడిగితే, పాత తవ్వకం మా గల్లీ దాకా రాదన్నాడు. ఆ మాట చెప్తే కాక "రాకుంటె మంచిదే" అన్నాడు. అన్నాక కూడా బీట చూస్తూనే ఉన్నాడు.

చెత్త కిందికి పోవడం లేదని చెప్పాను. ఆయన వాదించలేదు. "సూపెట్టు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం షెడ్డుకు వెళ్లాం. కాక ముందు రేకుల కప్పు చూశాడు. తర్వాత మోపులుగా కట్టిన ప్లాస్టిక్కు చూశాడు. తర్వాత కంచె దాటి బాయి మూతి దాకా నడిచాడు. గోడ కట్టి మూసేశారు. ముందు గడ్డి మోకాలెత్తు ఉంది. టైరు జాడ లేదు. అక్కడ ఆయన చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి షెడ్డక్కను అడిగాడు.

"ఒక్క తట్ట గూడ కిందికి పోలేదా బిడ్డా?"

"కిందికెందుకు పోతది కాకా? లారీల పోతది. కరిగిచ్చి కుర్సీలు చేస్తరో, పైపులు చేస్తరో."

"మరి బొక్కలు?"

"ఏరి పారేస్తున్నం. ఏం జెయ్యాలె, పులుసు పెట్టుకోవాల్నా?"

ఆడవాళ్లు నవ్వారు. కాక కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆమె వేలికున్న గుడ్డ చూశాడు. ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. పగలగొట్టమన్న మనిషి ఆయనేనని ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. కాక చెప్పాడు. "పలగ్గొట్టుమన్నది నేనే" అన్నాడు. ఆమె కాసేపు ఆయన్ని చూసి, "పోనీ తియ్యి కాకా, మానుతది" అని పనిలో పడింది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన నీడ చూసుకుని ఆగాం. ఎండ ఎక్కింది.

"గల్లీకి చెప్పకుంటె ఏమైతది?" అని అడిగాడు.

"ఇట్లనే చేస్తుంటారు. బొక్కలూ పంపుతారు, సీసాలూ పగలగొడతారు."

"చెప్తె?"

"కొంతమంది అన్నీ ఆపేస్తారు. కింద నింపుతున్నామనుకున్నారు కాబట్టే చేశారు."

ఆయన తలమీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "షిఫ్టు దిగేటప్పుడు పైన ఖాళీ మిగిలితె, అచ్చేటోనికి చెప్పి పోవాలె" అన్నాడు. "సిగ్గయితదని చెప్పకుంటె, వాడు తెల్వక దానికిందనే నిలవడ్తడు."

ఆ సాయంత్రం నల్లా దగ్గర అందరూ బిందెలతో ఉన్నప్పుడు చెప్పాడు. చుట్టూ తిప్పలేదు. చెత్త బాయిలోకి పోతలేదు, నేను తప్పు చెప్పిన, ఇకనుంచి బొక్కలు పచ్చ డబ్బాలో, కాగితాలు నీలి దాంట్లో, సీసాలు పగలగొట్టొద్దు. ఒకామె బిందె దించి అంది:

"గట్లయితె కాకా, ఇన్ని దినాలు నేను ఆదివారం ఆదివారం బొక్కలు కడిగింది ఎవల కోసం?"

"కుక్కల కోసం" అన్నాడు కిరాణం తమ్ముడు.

నవ్వులు. కానీ కింద బొగ్గు కొట్టి రిటైరయిన ఒక కోల్‌కట్టర్ నవ్వలేదు. బాయి పనిలో కాకకు సీనియర్ ఆయన. "కిందికి పోకుంటె నాకేంది?" అన్నాడు. "పాతసామానోడు బాగుపడనీకి నేను డబ్బాలు కడగాల్నా? ఇంక నువ్వు ఏది చెప్పినా నేను ఇననే."

కాక తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబులన్నీ మున్సిపాలిటీ కరపత్రంలోవే, అవి నేను చెప్పలేదు.

తర్వాత జరిగింది నేను ఊహించిందే. దండేల మీద పాలపాకెట్లు మాయమయ్యాయి. నీలి డబ్బాల్లోకి ఉల్లిగడ్డలు తిరిగొచ్చాయి. ఆటో డ్రైవరు మళ్లీ గద్దించడం మొదలుపెట్టాడు. అవగాహన అనే మాట నేను వార్తల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తెలియనప్పుడు గల్లీ మొత్తం చేసింది. తెలిశాక ఆపేసింది. దీన్ని ఏ శీర్షిక కింద రాయాలో తెలియక ఆ కథనం రాయలేదు.

కాక మాత్రం పొద్దున్నే గేటు గేటుకూ వెళ్లడం మానలేదు. ఆయన వస్తుంటే కొందరు లోపలికి పోయి తలుపేసుకునేవాళ్లు.

"ఇగ ఊకోరాదు" అంది చిన్నమ్మ, ఒకరోజు నా ముందే. "తప్పు చెప్పినవ్, ఒప్పుకున్నవ్. అయిపాయె."

"ఎక్కడ అయిపాయె? ఆమె ఏలు ఇంక మానలె."

ఆ ఆదివారం కాక షెడ్డక్కను ఇంటికి తీసుకొచ్చాడు. ఉపన్యాసం ఇప్పించడానికేమో అనుకున్నాను. కాదు, టీకి పిలిచాడంతే. నల్లా పక్కన, తన ఇంటి ముందు కుర్చీ వేశాడు. ఆదివారం కాబట్టి గల్లీ అంతా బయటే ఉంది. ఆమె కొంగు సర్దుకుని, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు అడిగింది. చిన్నమ్మ చెంబుతో పోసింది. పోస్తూ పోస్తూ ఆపేసింది. నల్లా దగ్గర ఉన్నవాళ్లు కూడా చూశారు. ఆ ఒక్క వేలు కాదు, రెండు చేతుల నిండా పాతవీ కొత్తవీ గీతలు.

"ఇవన్ని మావేనానే?" అంది చిన్నమ్మ.

"అన్ని మీయే ఎట్లయితయి చిన్నమ్మా, ఊరందరియి. మీయి జెర లోతుకు దిగుతయి, గంతే" అంది షెడ్డక్క. బొక్కలు కడిగిన ఆమె వైపు తిరిగి, "నువ్వేనా? నీ పుణ్యాన మా కుక్కలు బలిసి నడుస్తలెవ్వు" అంది. ఆ నవ్వు ఈసారి ఎక్కువసేపు నిలిచింది.

కోల్‌కట్టర్ తన అరుగు మీది నుంచి కదలలేదు. అక్కడినుంచే అడిగాడు. "ఆ షెడ్డుల షిఫ్టుకు ఎందరుంటరు?"

"ఆరుగురం. అందరం ఆడోళ్లమే."

"చేతులకు తొడుగులు ఇయ్యలేదా?"

"ఉన్నయి. ఏళ్ల కొనలకాడ చినిగినయి."

ఆయన ఇంట్లోకి వెళ్లిపోయాడు. తెల్లారి ఆయన గేటు పక్కన సీసాలు పగలకుండా, వరసగా నిలబెట్టి ఉన్నాయి. కాక దగ్గరికి వెళ్లి చూశాడు, కొట్టి వినలేదు. ఆ ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

గల్లీ మొత్తం మారిందని రాస్తే అబద్ధం. సగం మంది మళ్లీ మొదలుపెట్టారు. మిగతా సగం ఇళ్లలో నీలి డబ్బా నిండా ఉల్లిగడ్డలే. కాగితం ఎటు, కొబ్బరి చిప్ప ఎటు అని ఇప్పుడు రోజూ వాదన జరిగేది, మిగతా వాడల్లాగే. ఆ వాదనలన్నీ కాక దగ్గరికి వచ్చేవి. ఆయనకు తెలియకపోతే షెడ్డు దాకా పోయి అడిగి వచ్చేవాడు. "ఏమో, నాకు తెల్వదు, అడిగొస్త" అనడం ఆయనకు అప్పటికి అలవాటైంది. నేను ఒకసారి "కుదురుకున్నట్టే కదా కాకా" అన్నాను. "ఇప్పుడే ఏం తెలుస్తది?" అన్నాడు. "నేను అడగనీకి పోనినాడు సూడు."

ఎండలు ముదిరాక ఊపిరి ఆడక దవాఖానలో చేరాడు. నేను వెళ్లిన రోజు మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు చూస్తున్నాడు. ముక్కుకు గొట్టం ఉంది. మాట మధ్యమధ్యలో ఆగుతోంది.

"ఈడ డబ్బాలకు నాలుగు రంగులున్నయి బిడ్డా" అన్నాడు. "నర్సమ్మ చెప్పింది. నాకు రెంటికే దిమాక్ చాలకపాయె."

చిన్నమ్మ పక్కనే ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు, ఏదైనా అంటుందేమోనని. ఆమె అనలేదు. ఆయనతో నేను మాట్లాడింది అదే ఆఖరు.

పోయిన రోజున, కొత్తగూడెం నుంచి కూతురు రావాలని ఇంటి ముందు పడుకోబెట్టారు. చెత్త ఆటో ఎప్పటిలాగే పాట పెట్టుకుని గల్లీ మొదట్లోకి వచ్చింది. డ్రైవరు చూశాడు. పాట ఆపాడు, ఇంజను ఆపాడు. దిగి, బండిని చేత్తో నెట్టుకుంటూ ఆ ఇల్లు దాటించాడు. ఆ రోజు గురించి నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే. మిగతాది చూశాను గానీ లోపలికి పోలేదు.

దినాల నాడు గల్లీలోనే టెంటు వేశారు. బంధువులు, బాయి దోస్తులు, గల్లీ వాళ్లు, షెడ్డు నుంచి ఆరుగురూ వచ్చారు. చివర రెండు పెద్ద డ్రమ్ములు పెట్టించాడు కిరాణం తమ్ముడు, ఒకటి పచ్చ, ఒకటి నీలి. వంటవాళ్లు తెచ్చిన ప్లేట్లు ఆకులా కనిపించే రకం. కింద అట్ట, పైన మెరిసే పొర.

మొదటి బంతి లేచింది. అందరికంటే ముందు కోల్‌కట్టర్ ఎంగిలి ప్లేటుతో డ్రమ్ముల దగ్గరికి వచ్చాడు. మెతుకులు పచ్చ దాంట్లో దులిపాడు. ప్లేటు వెయ్యబోయి ఆగాడు. గోటితో గీకాడు. పొర లేచింది.

"ఇది కాగిదమా, కవరా?"

"రెండు" అన్నారు వెనకనుంచి.

"రెండయితె ఎటెయ్యాలె?"

అలవాటుగా నలుగురైదుగురు ఒకేసారి కాక ఇంటి గద్దె వైపు చూశారు. వెనక జనం చేరుతున్నారు. బొక్కలు కడిగిన ఆమె ఉంది, ఉల్లిగడ్డల సగంలోని వాళ్లూ ఉన్నారు.

"ఏదో ఒగదాంట్ల ఎయ్యుండ్రే" అన్నాడు కిరాణం తమ్ముడు. "రెండో బంతి కూసుండాలె."

ఎవరూ వెయ్యలేదు.

"ఆమె ఉన్నది గద, అడుగుండ్రి" అన్నారెవరో. షెడ్డక్క టెంటు అవతలి చివర, ఆఖరి వరసలో తింటోంది. ఒకతను పిలవబోయాడు.

గడపలో కూర్చున్న చిన్నమ్మ చెయ్యెత్తింది. అన్ని రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాను. "తిననియ్యి" అంది.

అందరూ ఆగారు. డ్రమ్ముల దగ్గర మొదలైన వరస టెంటు దాటి ఎండలోకి వచ్చింది. చేతుల్లో ఖాళీ ప్లేట్లు, వేళ్ల మీద ఆరుతున్న మెతుకులు. అవతలి చివర షెడ్డక్క తల వంచుకుని, పెరుగు పోయించుకుని, నిదానంగా అన్నం కలుపుకుంటోంది.